నల్లబండ మీద జర్మనీ ఊరు

అందరూ అ ఆలతో చదువు మొదలుపెడతారు. నాకు అట్లా జరగలేదు. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట "మఠం". ఆ మఠం మన దేశంలోది కాదు. జర్మనీలో ఏదో ఏటి ఒడ్డున, కొండ కింద ఉన్న ఒక చిన్న ఊరిది. ఆ మఠం గదుల్లో ఒక కాలేజీ పుట్టి, మూతబడి, మళ్ళీ లేచి యూనివర్సిటీ అయిన కథే నా వాచకం. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఇద్దరు పిల్లల తల్లిని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరులో మా కాలేజీ పెట్టారు. పెట్టిన కొత్తలో దానికి సొంత కొంప లేదు. బజారు వెనక శెనక్కాయల గోడౌను ఒకటి ఖాళీగా ఉంటే కమిటీవాళ్ళు అడిగి తీసుకుని, అడ్డంగా తడికెలు కట్టి గదులు చేశారు. ఒక గదిలో లెక్కలు చెబుతుంటే పక్క గదిలోవాళ్ళు కూడా తలలు ఊపేవాళ్ళు. ఎంత ఊడ్చినా మూలల్లోంచి కాయల పొట్టు వస్తూనే ఉండేది. వాన పడితే గోడలు నూనె వాసన కొట్టేవి. జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి పిల్లకాయలు బస్సుల్లో వచ్చి, ఊళ్ళో గదులు తీసుకుని, పొయ్యి మీద తామే వండుకుని తిని చదివేవాళ్ళు. ఇంటర్మీడియెట్ ఒక్కటే ఉండేది. డిగ్రీ కావాలంటే అనంతపురమో, మదనపల్లెనో పోవాలి. చాలామంది పోలేక ఆగిపోయి పొలం పనుల్లో పడేవాళ్ళు.

నాది ఆ కాలేజీలో నీళ్ళ పని. కుండలు నింపడం, గదులు ఊడ్చి కడగడం, గంట కొట్టడం. మా ఆయన ఎద్దుల బండి తోలేవాడు. నేను పుట్టింది జమ్మలమడుగు దగ్గర పల్లెలో. మా పల్లెలో బడి ఉండేది, నన్ను మాత్రం గొడ్ల వెంట పంపారు. దానికి ఎవరినీ తిట్టుకోను, అప్పుడు అందరిళ్ళలోనూ అంతే. కానీ బడి ముందర నుంచి గొడ్లు తోలుకుపోయేటప్పుడు, లోపల పిల్లలు చదివే పాట వినాలని నడక నిదానం చేసేదాన్ని. గొడ్లు నా కోసం ఆగేవి కావు. పరుగెత్తి కలుసుకునేదాన్ని.

కమిటీలో అందరికంటే పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు. అందరం పెద్దాయన అనేవాళ్ళం. వేలిముద్ర మనిషి. కాలేజీ కట్టడానికి జమ్మలమడుగు రోడ్డులో తన చేను ఇచ్చింది ఆయనే. ఆయన ఒకరోజు ఒక కొత్త సారును వెంటబెట్టుకొచ్చి గోడౌను నడిమధ్యన నిలబెట్టాడు.

"ఈ సారు జర్మనీలో సదివొచ్చినాడప్పా. కెమిస్ట్రీ. యూనివర్సిటోళ్ళు వచ్చి సూసి, మనకు డిగ్రీ ఇస్తే ఈ సారు ఈడ్నే ఉంటాడు. ఇయ్యకపోతే ఈయనకు ఈడ పనిల్యా, ఎల్లిపోతాడు. అందరూ బాగా మొక్కుకోండి."

సారు సిగ్గుపడి నవ్వాడు. కృష్ణా జిల్లా మనిషి. మాట మెత్తన, నడక మెత్తన. ఎండకు ముఖం ఎర్రబడి, వచ్చిన రోజే రెండు కుండల నీళ్ళు తాగినంత పని చేశాడు.

నాకు చదువు ఎట్లా మొదలైందంటే, ఒక మధ్యాహ్నం క్లాసులు అయిపోయినాక గది కడుగుతున్నాను. మా వైపు నేల మీద పరిచేది నల్లబండలే కదా. కింద సుద్దముక్క దొరికింది. బోర్డు మీద ఉన్న ఒక గుర్తును చూసి బండ మీద దించాను. వెనక సారు నిలబడి ఉన్నాడు.

"ఏం రాశారమ్మా?"

"నేనేం రాస్తా సారూ. ఆ పైన పాము మాదిరి ఉంటే దాన్ని దించినా."

"అది తెలుగు కాదు. గంధకానికి ఇంగ్లీషు గుర్తు."

"గంధకానికి గుర్తెందుకు? వాసన సూస్తే తెలీదా?"

ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వి, "తెలుగు నేర్చుకుంటారా?" అన్నాడు. నేను చీపురు పక్కన పెట్టాను. అదే నా జవాబు.

ఆయన నన్ను మీరు అనేవాడు, నేను ఆయన్ని నువ్వు అనేదాన్ని. మా వైపు అంతే, మర్యాద గొంతులో ఉంటుంది. మొదట్లో ఆయనకు కొంచెం గుచ్చుకున్నట్టుంది. తర్వాత అలవాటైంది. నాతోపాటు ఇంకో ఇద్దరు పనివాళ్ళు కూర్చున్నారు గానీ వారం తిరక్కుండానే వాళ్ళకు వేరే పనులు గుర్తొచ్చాయి. నేనొక్కదాన్నే మిగిలాను.

చిన్నపిల్లల పుస్తకం తెచ్చి చూపించాడు. అందులో ఆవు, ఇల్లు ఉన్నాయి.

"ఆవు నాకు తెలుసు సారూ. నాకంటే ఎక్కువ దానికే తెలుసు. తెలీందేదన్నా సెప్పు. నువ్వు సదివిన ఊరు ఎట్లుండాది?"

ఆయన పుస్తకం మూసేశాడు. బోర్డులో ఒక మూల తుడిచి, పెద్ద అక్షరాలతో రాశాడు. మఠం ఒకటి ఉండేది ఒక ఊరిలో. వేలు పెట్టి ఒక్కో అక్షరం పలికించాడు. నేను దాన్ని నల్లబండ మీద సుద్దతో దించాను. పలక కొనాల్సిన పని లేకపోయింది. ఎన్ని తప్పులు రాసినా కడిగేది నేనే.

అట్లా రోజూ మధ్యాహ్నం క్లాసులు విడిచినాక రెండు మూడు వరుసలు. వరుస చదివితేగానీ తర్వాతి వరుస రాసేవాడు కాదు. ఆ ప్రాంతాన్ని ఏలే దొర ఒకాయన, సన్యాసులు వెళ్ళిపోయిన మఠంలో కాలేజీ పెట్టాడు. చెప్పేవాళ్ళు కొందరే, చదివేవాళ్ళు ఇంకా తక్కువ. చలికి ఒక గదిలోనే పొయ్యి ఉంటే, వైద్యం చెప్పే అయ్యవారూ, దేవుడి సంగతి చెప్పే అయ్యవారూ ఆ గది కోసం పోట్లాడుకునేవాళ్ళు. నాకు అది చదివినప్పుడు మా గోడౌను తడికెలు కనిపించాయి. ఏటి ఒడ్డున ద్రాక్షతోటలు ఉంటాయని రాశాడు. ద్రాక్షతోట నేను చూడలేదు. పెన్నా ఒడ్డున చీనీ తోటను, అదే బత్తాయి తోటను, తలుచుకుని సరిపెట్టుకున్నాను. చలికాలంలో ఇళ్ళ మీద మంచు పడుతుందని రాస్తే, ఆ ఊరి మిద్దెల మీద ఎవరో రాత్రికి రాత్రి దూది ఆరబోసినట్టు ఊహించుకున్నాను.

తర్వాత యుద్ధం వచ్చింది. సిపాయిలు ఊళ్ళోకి వచ్చి క్లాసుగదుల్లో గుర్రాలు కట్టేశారు. కాలేజీ మూసేశారు.

ఆ రోజు ఇంటికి పోయి అన్నం పెడుతుంటే మా ఆయన అడిగాడు. "ఈ పొద్దు యాడిదాకా వచ్చినాది మీ జర్మనీ?"

"గుర్రాలు కట్టేసినారు."

"యాడ?"

"కాలేజీలో."

"మంచిపనే. గుర్రాలకన్నా నీడ దొరికె."

"నీకు ఎగతాళిగా ఉండాది."

"నాకెందుకు ఎగతాళి. నా ఎద్దులు గూడా ఒక యాడాది సదివితే బాగుంటాదని సూస్తాండా."

అన్నాడే గానీ, మర్నాడు బండి విప్పీ విప్పకముందే, "గుర్రాలను ఇప్పినారా ల్యాదా?" అని అడిగాడు. విప్పలేదు. ఎన్నో తరాలు విప్పలేదు. కాలేజీ లేకపోయినా ఊరివాళ్ళు మాత్రం ఆ సందును కాలేజీ సందనే పిలుస్తూ వచ్చారు. రొట్టెలు కాల్చేవాడూ, చెప్పులు కుట్టేవాడూ, కాలేజీ మొహం చూడనివాళ్ళు కూడా కాలేజీ సందులో మా ఇల్లు అని చెప్పుకునేవాళ్ళు. ఆ వరుస చదివినాక నాకు ఎందుకో ఏడుపొచ్చింది. సారు సుద్ద చేతిలో పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

ఈలోగా కొత్త బిల్డింగు లేచింది. ఎర్రగుంట్ల వైపు నుంచి బండలు వచ్చాయి. పులివెందుల వైపు పల్లెలవాళ్ళు తలుపులకు వేపకొయ్య పంపారు. ఏ పల్లె బండి ఆ పల్లెదే, తిండి మూట కట్టుకొచ్చి రాళ్ళు దించిపోయేవాళ్ళు. మా ఆయన కూడా తోలాడు. పైకప్పు మాత్రం సిమెంటుతో పోశారు. అంత పెద్ద సిమెంటు కప్పు నేను చూడటం అదే మొదలు. గోడౌను నుంచి బల్లలు, బోర్డులు అన్నీ ఆడికి చేర్చాము. ల్యాబుకు గాజు సామాను వచ్చింది. యూనివర్సిటీవాళ్ళు చూడటానికి వస్తామని కబురు పెట్టారు.

సారు ఉంటాడా పోతాడా అనేది ఆ ఒక్క రోజులో తేలుతుంది. పిల్లకాయలకు డిగ్రీ దిగులు. నాకు నా దిగులు. ఒత్తులు ఇంకా సరిగ్గా రావు. కథ గుర్రాల దగ్గరే ఉంది. కుండలు తోమేటప్పుడు కూడా, ఇవి బాగా మెరిస్తే వాళ్ళు మెచ్చుకుంటారేమో అనుకుని తోమేదాన్ని.

మా ఊళ్ళలో ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. వానలకు ముందు ప్రతి ఏడూ చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కాలి. తడిస్తే అది బిగుసుకుని చుక్క నీరు దిగనివ్వదు. మిద్దెకు చౌడు వేయలేదంటే ఆ ఇంట్లో మగవాడు లేడనో, ఉండీ సోమరి అనో లెక్క. సిమెంటు కప్పు పోయించిన ఇంజనీరు ఏదో పని మీద కడపకు పోయిన రోజున పెద్దాయన బిల్డింగు పైకి ఎక్కి చూశాడు. నేను తాపీవాళ్ళకు నీళ్ళు తీసుకుని పైనే ఉన్నాను.

"ఇదేందప్పా, బోడిగుండు మాదిరి ఉండాది. చౌడు యాడ?"

"సిమెంటుకు చౌడు అక్కర్లేదు పెద్దాయనా," అన్నాడు మేస్త్రీ.

"నీ సిమెంటు నిన్న పుట్టింది. చౌడు మా తాతకు తాత నాటిది. రేపు వానొచ్చి యూనివర్సిటోళ్ళ నెత్తిన కారితే ఏం సెప్తావు? సిమెంటు సెప్పిందని సెప్తావా?"

మేస్త్రీ మెట్లు దిగిపోయాడు. మాకెవరికీ పెద్దాయన మాట తప్పని తోచలేదు. ఆ సాయంత్రానికే చౌడు బండ్లు బారులు తీరాయి. పిలవకుండానే జనం వచ్చారు. ఆడవాళ్ళు గంపలతో ఎక్కించారు, మగవాళ్ళు పరిచి తొక్కారు. తురకల వీధి నుంచి వచ్చిన ముసలాయన ఒకడు తన ఇంటికి వేసుకోవడానికి తెచ్చుకున్న చౌడు బండిని ఈడికే తోలించాడు. కూలి ఎవరూ అడగలేదు. సారు కింద ల్యాబులో గాజు గొట్టాలు సర్దుకుంటున్నాడు. పైన తొక్కుతున్న చప్పుడు విని, పండగ ఏదైనా ఉందా అని నన్ను అడిగాడు. మిద్దెకు చౌడేస్తాండారు సారూ అంటే, ఆయనకు చౌడు అంటే ఏమిటో తెలియక తల ఊపాడు.

యూనివర్సిటీవాళ్ళు రావడానికి ముందురోజు పొద్దు వాలేసరికి వాన పట్టుకుంది. మా సీమలో వాన వస్తే ఎవరూ తిట్టరు. అందరం అరుగుల మీద నిలబడి సంతోషంగా చూశాము. మట్టి మిద్దె మీద చౌడు కదలకుండా కూర్చుంటుంది. నున్నటి సిమెంటు మీద అది నిలవలేదు. జారి, నీళ్ళు పోయే గొట్టాలకు అడ్డం పడింది. నీళ్ళు పైనే చెరువు మాదిరి నిలిచాయి. తెల్లవారి యూనివర్సిటీవాళ్ళు వచ్చి ల్యాబులో కూర్చునే వేళకు, కప్పు అతుకుల్లోంచి తెల్లటి మట్టినీళ్ళు చుక్కచుక్కగా కొత్త గాజు సామాను మీద పడుతున్నాయి. ఒకాయన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. అక్కడా పడింది. మళ్ళీ జరుపుకున్నాడు. నేను చుక్క పడిన చోటల్లా చెంబు పెడుతూ పోయాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. బిల్డింగు ఇంకా సిద్ధం కాలేదు, వచ్చే ఏడు చూద్దాం అని చెప్పి, నేనిచ్చిన నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

పెద్దాయన మెట్ల మీద కూలబడ్డాడు. సారు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా ఇండ్లు కారవు గదప్పా. ఇదెందుకు కారె?"

"నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోయిందండి. అంతే."

"నేనే మూసినా." పెద్దాయన సారు వైపు తిరిగాడు. "నువ్వన్నా తిట్టు సారూ. ఎవరూ తిట్టకపోతే నాకు కూడు దిగదు."

"నాకు మీ తిట్లు ఇంకా రావండి," అన్నాడు సారు. పెద్దాయన నవ్వబోయి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. మరుసటి ఏడు మా కాలేజీకి డిగ్రీ వచ్చింది. వేరే కెమిస్ట్రీ సారు వచ్చాడు. ఆడపిల్లలకు వేరే గది వచ్చింది, ఆ తర్వాత వాళ్ళకు వేరే గది అక్కర్లేని రోజులూ వచ్చాయి. పెద్దాయన చేను నిండా బిల్డింగులు లేచాయి. నాకు మిగిలిన ఒత్తులు తెలుగు సారు నేర్పాడు, బాగానే నేర్పాడు. పేపరు చదివాను, పుస్తకాలు చదివాను. లైబ్రరీలో జర్మనీ మీద ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. వాటిలో కొట్లాటలే ఎక్కువ. మా సారు ఊరు దొరకలేదు. ఆయన ఆ ఊరి పేరు చెప్పాడు గానీ నోరు తిరగక నేను పట్టుకోలేదు. ఏదో ఒక పేజీలో ఏరు, కొండ, మఠం కనిపిస్తే వేలు పెట్టి మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. ఇప్పటికీ అంతే. సారు గొంతు మరిచిపోయాను. రాసిన అక్షరాల వంపు మాత్రం కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఎండవేళ ఖాళీ గది, తడి బండల వాసన, ఆయన వేలి కింద ఒక్కో అక్షరం. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు కావాలనిపించేది ఆ మధ్యాహ్నమే.

డిగ్రీ రాలేదు కాబట్టి సారుకు మా దగ్గర పని లేకపోయింది. మైసూరు వైపు ఉద్యోగం దొరికింది. వెళ్ళే రోజు మధ్యాహ్నం సామాను వరండాలో పెట్టుకుని, నా కోసం గదిలోకి వచ్చాడు.

"మిగతా కథ నోటితో చెప్పేస్తానమ్మా. ఎంతోసేపు పట్టదు."

"వద్దు సారూ. రాయి. నేను సదువుకుంటా."

"బస్సు ఉంది."

"బస్సు రేపు గూడా ఉంటాది."

"ఎర్రగుంట్లలో రైలు అందుకోవాలమ్మా."

నేను సుద్దముక్క చేతికిచ్చాను. ఆయన బోర్డు చూశాడు. బోర్డు నిండా మరుసటి రోజుకు లెక్కల సారు వేసిపెట్టిన లెక్కలు ఉన్నాయి. సారు పంచె పైకి మడిచి, కిటికీ గోడ దగ్గర నేల మీద మోకాళ్ళు ఆనించి, నల్లబండల మీద రాయడం మొదలుపెట్టాడు. అట్లా ఒక్కో బండ దాటుకుంటూ తలుపు వైపు వచ్చాడు. సుద్ద అరిగిపోతే నేను ఇంకోటి ఇచ్చాను. బయట మా ఆయన సారును బస్సు దగ్గర దింపడానికి బండి తెచ్చి నిలబెట్టాడు.

"సారూ, నా ఎద్దులకు రైలు టయిము తెలీదు. నువ్వే తొందరగా రావల్ల."

సారు ఇంకో వరుస రాశాడు. లేచాడు. మోకాళ్ళ మీద సుద్ద కూడా దులుపుకోలేదు. చెప్పులు వేసుకుని, నాకు రెండు చేతులూ జోడించి, గడప దాటి పోయాడు. నేను జోడించానో లేదో నాకు గుర్తు లేదు.

పొద్దు ఉన్నంతసేపు చదివాను. మర్నాడు గంటకు చాలా ముందే వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఆ వేళకే పెద్దాయన పైనున్న చౌడు దింపించడానికి మనుషులను వెంటబెట్టుకొచ్చాడు. గది ముందర ఆగి, కింద రాత చూసి, చెప్పులు విప్పి, గోడవారన నడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"సారు రాసినాడా?"

"ఊఁ."

"ఏం రాసినాడమ్మీ? సదువు, నేనింటా."

కూడబలుక్కుంటూ చదివాను. పెద్ద యుద్ధం ఒకటి అయిపోయినాక ఆ ఊరు సగం కూలిపోయింది. అయినా ఊరివాళ్ళు కాలేజీ కావాలన్నారు. సిపాయిలు వదిలిపోయిన కొట్టాల్లో మళ్ళీ తెరిచారు. సీటు కావాలన్నవాడు ముందు కూలిన గోడల ఇటుకలు మోయాలి, మోసిన తర్వాతే క్లాసు. నేనూ మోశాను అని రాశాడు సారు. చేతులు బొబ్బలెక్కాయి. నా పక్కన మోసినామె తర్వాత నాకు పాఠం చెప్పింది.

పెద్దాయన ఒక్కో వరుసకు తల ఊపుతూ విన్నాడు. "అన్ని తరాలు మూసిపెట్టి, మళ్ళా తెరిసినారా?"

"తెరిసినారు."

"తర్వాత?"

తర్వాతి వరుస గడప దగ్గర ఉంది. సారు హడావిడిగా పోతూ దాని మీదే నడిచిపోయాడు. చెప్పు ఆకారంలో తెల్లగా అలికినట్టు ఉంది తప్ప ఒక్క అక్షరం తెలియలేదు. నేను వంగి, పక్కకు వంగి, వెలుతురు తగిలేట్టు కూర్చుని చూశాను. పెద్దాయన కూడా చదవగలిగినవాడి మాదిరే వంగి చూశాడు.

"సెరిగిపోయినాది పెద్దాయనా."

బయట సైకిళ్ళ చప్పుడు మొదలైంది. పిల్లకాయలు వస్తున్నారు. మొదటి గంటకు ఆ గదిలోనే లెక్కల క్లాసు.

"ఈ పొద్దు ఈ గదికి తాళం యేస్తా," అన్నాడు పెద్దాయన. "నేను సెప్తాలే వాళ్ళకు. నువ్వు నిదానంగా సదువుకో."

నాకు ఆశ పుట్టింది. నిజం. ఇంకొక్క రోజు ఆ అక్షరాలు నావిగా ఉంటాయి కదా అనిపించింది. తలుపు దగ్గర అప్పటికే ఇద్దరు పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నారు.

"మూసేదెందుకు పెద్దాయనా," అన్నాను. "వాళ్ళకు క్లాసుండాది."

బయటికి పోయి రెండు కడవల నీళ్ళు తెచ్చాను. కిటికీ గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి కడిగాను. గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళు నిదానంగా పోశాను.